సగం బిగువు ఇరుసు

1948 ఆగస్టు 22, ఆదివారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు సూర్యాపేటలోని మా ఇంటి ముందు నుంచి మోటరు కదిలింది. మా గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు నడిచేది కాబట్టి అందులో ఆరూ ఇరవై ఐదు. ఈ సంగతి రాయాలని ఇన్నేళ్ళలో ఎన్నడూ అనుకోలేదు. మొన్న శనివారం హైదరాబాదు నుంచి మనవరాలు ఫోన్ చేసింది. వారమంతా ఆఫీసుకు పోయే కారునే ఆదివారం పూట పందాల ట్రాక్ మీద తిప్పుతుంది ఆ పిల్ల. వెనక చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియల్ మార్పించాలట. "మూడు రకాలున్నాయి అమ్మమ్మా, ఏది పెట్టించాలో తేలట్లేదు. ఇదంతా నీకెందుకు చెప్తున్నానో!" అని నవ్వింది. "మలుపులో చక్రాన్ని విడవాలి, జారినప్పుడు పట్టాలి. ఎంత విడవాలి, ఎంత పట్టాలి అన్నదే కదా నీ బాధ?" అన్నాను. "నీకివన్నీ ఎలా తెలుసు?" అంది. నాకు మోటరు తోలడం రాదు. కానీ ఆ ఇనుప డబ్బా లోపల ఏముంటుందో పద్నాలుగో ఏట చూశాను.

ఆ ఏడు వానాకాలమంతా భయంతోనే గడిచింది. మా వీధిలో పదకొండు ఇళ్ళుంటే ఆగస్టు మొదటి వారానికి ఏడింటికి తాళాలు పడ్డాయి. మిగిలిన నాలుగిళ్ళలో పగలు కూడా తలుపులు వేసే ఉండేవి. దూరంగా మోటరు చప్పుడు వినిపిస్తే అమ్మ పొయ్యిలో నీళ్ళు చల్లేది, పొగ కనిపించకూడదని. ఏ ఊరి మీద ఎవరు పడ్డారో, ఎవరిని తీసుకుపోయారో గుసగుసగా చెప్పుకునేవాళ్ళు. ఆ తుపాకులు ఏ పక్షానివని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మకు అప్పుడు నెలలు నిండాయి. కోదాడ దాటి హైదరాబాదు రాజ్యం సరిహద్దు అవతల ఉన్న పుట్టింటికి ఆమెను చేర్చాలని నాయన పట్టుదల. కోదాడ దాకా పెద్ద సడకు మీద పోతే ఇరవై ఏడు మైళ్ళు, కానీ సడకు మీద ఆపి సోదా చేస్తున్నారు. చివ్వెంల పక్క నుంచి లోపలి బండ్ల బాటలు పట్టుకుని పోతే ముప్పై నాలుగు మైళ్ళు, అందులో చాలా భాగం బురద.

మోటరంటే మాకు ఒకటుండేది. నాయన పాతది కొని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య కిరాయికి తిప్పేవాడు. దాని గుణం మాకు జూలైలోనే తెలిసింది. మిర్యాలగూడ నుంచి నిడమనూరు పోతుండగా నల్లరేగడిలో దిగబడి మూడు గంటలు కదల్లేదు. ఎడమ చక్రం గిర్రున తిరిగి బురద చిమ్ముతుంటే కుడి చక్రం రాయిలా నిలబడిందట. అది మళ్ళీ జరిగితే, అందులో అమ్మ ఉంటే ఏమవుతుందన్న ఆలోచనతో నాయనకు అన్నం సహించలేదు. అందుకని ఆగస్టు 17న, మంగళవారం, మిస్త్రీ దగ్గరకు పోతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. లెక్కలు రాయడానికి నేనుంటే ఆయనకు ధైర్యం.

మిస్త్రీని ఊరంతా చాచా అనేది. అప్పటికి ఆయన దుకాణానికి పోవడానికి మావాళ్ళలో కొందరు జంకేవాళ్ళు, మా ఇళ్ళ వైపు రావడానికి ఆయనా జంకేవాడు. ఆయన వెనక ఇరుసు నడుమనున్న గుండ్రటి డబ్బా మూత విప్పి, లోపలి పళ్ళచక్రాలను పుల్లతో చూపించాడు.

"సూడు పటేలా. మలుపుల బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపలిది తక్కువ. గందుకే ఈ డబ్బ రెంటినీ ఇడివిడిగ తిరగనిస్తది. గని బురదల ఏమైతది? జారేటోన్నే తిప్పుకుంట కూసుంటది. గట్టి నేల మీద ఉన్నోడు ఉత్తగ నిలబడి సూస్తడు."

"మా పాలోళ్ళ తీరు," అన్నాడు నాయన, దాయాదులను తలుచుకుని. ఆ నెలలో ఆయన వేసిన హాస్యం అదొక్కటే.

దారులు మూడన్నాడు చాచా. ఉన్నది ఉన్నట్టు వదిలేయడం ఒకటి. పళ్ళచక్రాలను కాల్చి అతుకు పెట్టడం రెండోది. "అతుకు పెడితే రెండు చక్రాలు ఒక్కతీరుగ తిరుగుతయి. బురదల ఏనుగు లెక్క పోతది. గని రాళ్ళ బాట మీద మలుపు తిప్పినవా, ఇరుసు ఇరిగితే నన్ను తిట్టొద్దు." మూడోది ఆయన సొంత తెలివి. పళ్ళచక్రాల వెనక మందపాటి ఇత్తడి బిళ్ళలు ఇరికిస్తే అవి ఒరుసుకుని చక్రాలను సగం పట్టుకుంటాయి, గట్టిగా లాగితే విడుస్తాయి. "సగం బిగువు," అన్నాడు.

నాయన నాతో పలక మీద రాయించాడు. బురద ఇరవై ఐదు మైళ్ళు. రాళ్ళ బాట తొమ్మిది మైళ్ళు, అందులో పెద్ద మలుపులు ఇరవై రెండు. చాలాసేపు ఆ అంకెల వైపే చూశాడు. దిగబడితే తోసుకోవచ్చు, ఇరుసు విరిగితే ఇక అక్కడే ఖతం అని లెక్క కట్టి, సగం బిగువే పెట్టమన్నాడు. ఇత్తడి కోసం అమ్మ తన పెళ్ళినాటి పళ్ళేన్ని ఇచ్చింది. పక్కకు మూడు చొప్పున ఆరు బిళ్ళలు. బిగించాక వెనక చక్రాలు రెండూ నేలకు ఎత్తి, చాచా ఒకదాన్ని చేత్తో తిప్పాడు. ఇంతకు ముందు అలా తిప్పితే రెండోది ఎదురు తిరిగేది. ఇప్పుడు రెండూ ఒకే వైపు తిరిగాయి. నాయన ముఖంలో చాలా రోజులకు రక్తం కనిపించింది.

డబ్బాలో నూనె పోస్తూ చాచా నాతోనే అన్నాడు, నాయన డబ్బులు తీస్తున్నాడు అప్పుడు. "యాదుంచుకో బేటీ, గీ నూనె అర్ధసేరే. ఇంకేం పోయొద్దు. ఆముదమైతే అసలే వద్దు. ఆముదం తాగితే ఇత్తడి జారుతది, పట్టు పోతది." నేను పలక వెనక రాసుకున్నాను.

నాయన తండ్రి, మా తాత, ఆ రోజు మాతో లేడు. నలభై ఏళ్ళు ఎడ్లబండ్లు తోలిన మనిషి ఆయన. బండి గడప దాటే ముందు ఇరుసుకు కందెన పెట్టకపోతే దారిలో కీడు జరుగుతుందని మా ఇంట్లో గట్టి పట్టింపు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన. బయలుదేరే రోజు తెల్లవారి ఐదున్నరకు నేను ముఖం కడుక్కుందామని బయటకు వస్తే, తాత మోటరు వెనక పడుకుని డబ్బా బిరడా విప్పి గరాటుతో పోస్తున్నాడు. చేతిలోని ఆముదం చెంబు అప్పటికే ఖాళీ కావచ్చింది.

"తాతా, చాచా వద్దన్నడు," అన్నాను.

"ఎండిన ఇరుసు కాలుతది బిడ్డా. ఎద్దులబండికైనా మోటరుకైనా ఇరుసు ఇరుసే. మీ నాయనకు జెప్పకు, నవ్వుతడు."

అప్పుడు చెప్పాల్సింది. లోపల అమ్మ నడుము పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. నాయన ట్రంకు పెట్టెలు కడుతున్నాడు. ఒక్క మాట ఎక్కువైతే ప్రయాణం ఆగుతుందనీ, ఆగితే మళ్ళీ కదలలేమనీ నాకు భయం. నోరు మూసుకున్నాను.

మొదటి రెండు గంటలూ మోటరు బ్రహ్మాండంగా పోయింది. చివ్వెంల దాటాక మొదటి బురద, తరువాత ఒక చెరువు అలుగు కింద రెండోది. రెండు చోట్లా రెండు చక్రాలూ పట్టాయి. తాత నా వైపు చూసి కన్ను గీటాడు, తన కందెనే పనిచేసిందన్నట్టు. నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. ఆముదం చిక్కనిదనీ, వేడెక్కి పలచబడితేనే బిళ్ళల సందుల్లోకి దిగుతుందనీ అప్పుడు తెలియదు.

తొమ్మిదీ నలభైకి, కోదాడ ఆరు మైళ్ళుందనగా, ఒక వాగు ఒడ్డున ఎడమ చక్రం గిర్రున తిరిగింది. కుడిది కదల్లేదు. నాయన దిగి తోశాడు, తాత తన తలగుడ్డ విప్పి చక్రం కింద పరిచాడు, నేను తంగేడు కొమ్మలు విరిచి వేశాను. చక్రం అన్నిటినీ వెనక్కి విసిరేసింది. అంతలో మేము దాటివచ్చిన ఊరి వైపు నుంచి రెండు పేలుళ్ళు వినిపించాయి. కొంచెం ఆగి మూడోది. అమ్మ కడుపు మీద చేయి వేసుకుని మోటరు దిగింది.

నాయన ఇరుసు కిందకు దూరి వాసన చూశాడు. "ఆముదం వాసన యాడిదే?"

తాత నా వైపు చూశాడు. నేను బురద వైపు చూశాను. తాత ముఖం అప్పుడు మారిన తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"మీరు నడువుండ్రి," అన్నాడు నాయనతో. "నేను పక్క ఊళ్ళె ఎడ్లను పట్టుకొచ్చి గుంజిస్త."

"మోటరు పోతే పోనీ, నువ్వు రా నాయినా."

"నీ పెండ్లాం దిక్కు సూడు ముందు. నాతోని మాట్లాడుకుంట నిలబడితవా?"

ఆరు మైళ్ళు నడవడానికి ఐదు గంటల ఐదు నిమిషాలు పట్టింది. అమ్మ పద్నాలుగు సార్లు కూర్చుంది. వెనక నుంచి ఏ చప్పుడు వచ్చినా తుప్పల్లోకి దూరేవాళ్ళం. మధ్యాహ్నం మూడుంబావుకు కోదాడ చివర ఒక ముసలమ్మ తలుపు తీసి, "ఇంత కడుపుతో ఎట్లా నడిచావే తల్లీ!" అని అమ్మ కాళ్ళకు వేడినీళ్ళు పోసింది. మరునాడు బండిలో సరిహద్దు దాటాం. బుధవారం తమ్ముడు పుట్టాడు.

తాత రాలేదు. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చాక నాయన ఆ వాగు దగ్గరకు పోయాడు. మోటరు కాలి ఇనుము మాత్రమే మిగిలింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో అడిగాడు. ఎడ్ల కోసం ఒక ముసలాయన వచ్చాడని ఒకరన్నారు, అటు పోయాడని చేయి చూపించారు. అంతకు మించి ఎవరికీ తెలియదు.

నాయన ఆ తరువాత ఇరవై ఆరేళ్ళు బతికాడు. వాన పడ్డప్పుడల్లా ఒకటే మాట. "అతుకు పెట్టిస్తే దాటిపోయేది. నాదే తప్పు లెక్క." ఆయన లెక్క తప్పు కాదు, పట్టు తీసింది ఆముదం; అది వద్దన్న చాచా మాట ఆయన చెవిన పడలేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే తాత మీద నింద పడుతుందని మొదట, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటాడని తరువాత, ఊరుకుంటూ వచ్చాను.

పోయినవి ఇవి. మోటరు ఒకటి. ట్రంకు పెట్టెలు రెండు. అమ్మ పెళ్ళినాటి పళ్ళెం ఒకటి. తాత, అరవై మూడేళ్ళవాడు. తన లెక్క మీద నాయనకున్న నమ్మకం. ఒక్క మాట చెప్పడానికి నాకు దొరికిన ఇరవై ఆరేళ్ళు.