గొడ్డుకు మగమాట లేదు

గొడ్డు అంటే మొదట ఈననిది. ఆ తర్వాతే పశువులన్నిటికీ ఆ పేరు పాకిందని చదువుకున్నాను. ఏమీ కలపని ఉత్త కారం గొడ్డుకారం. పిల్లలు లేని ఆడది గొడ్రాలు. మరి పిల్లలు లేని మగవాణ్ణి ఏమంటారు? ఏమీ అనరు! అచ్చోసిన ఆంబోతు అని తిట్టినా మీసం మెలేసుకునే జాతి అది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా మేనత్తను పుంగనూరులో ఆవులు సాకే ఇంటికి ఇచ్చారు. డెబ్బైల్లో, నేను మదనపల్లెలో హైస్కూలు చదివే రోజుల్లో, ఆమెకు పిల్లల్లేరని మామకు కుప్పం సంబంధం చూశారు. మా నాన్నను ఒప్పించడానికి పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను.

"ఈ గొడ్డుదాన్ని ఇంగా ఎన్నాళ్లని మేపేదప్పా?" అంది మామ వాళ్లమ్మ, మా నాన్న మొహం మీదే. నాన్న తల వంచుకున్నాడు. చెల్లెల్ని అంత మాటంటే కండువా సర్దుకున్నాడు ఆ మహానుభావుడు.

ఆ ఏడే వాళ్ల ఆవొకటి చూడి కట్టలేదు. మామ దాన్ని అమ్మలేదు, తిట్టలేదు. ఆంబోతులో పస లేదని పక్కూరి ఆంబోతు దగ్గరికి తోలుకెళ్లాడు. కట్టింది. ఆ సంగతి ఆ పంచలో కూర్చున్న అందరికీ తెలుసు.

అత్త వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఆవు కట్టకపోతే ఆంబోతును మార్చి సూస్తివే మామా! నా కాడికొచ్చేతలికి ఆ తెలివి యాడికి పాయ?"

చెంప ఛెళ్లుమంది. కొట్టింది మామ కాదు, మా నాన్న!

"మానం తీస్తాండావు గదే!" అన్నాడు. ఎవరి మానం? థూ!

పెళ్లి జరిగిపోయింది. అత్త మా ఇంటికొచ్చేసి పట్టుదారం తీసే పనికి కుదురుకుంది.

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం ఆ కుప్పం ఆమె సంచి పట్టుకుని మా గడపలో నిలబడింది.

"అక్కా, నన్ను గూడా గొడ్డనే అంటాండారు" అంది.

"గొడ్డు యాడుండాదో ఇంగైనా తెలిసె గదా వాళ్లకు? రామ్మా, కాళ్లు కడుక్కో, అన్నం తిందువు" అంది అత్త.

"తెలీలేదక్కా. మూడోదాన్ని సూస్తాండారు."