పేరు పలికిన పెట్టె

మంచుదేశంలో, కొండల నడుమకు సముద్రం చొచ్చుకొచ్చిన సెర్మిలిక్ ఉప్పుకయ్య ఒడ్డున ఆ పల్లెలో హన్సీనే కుట్టిన సీలుతోలు జోళ్లు తొడగని వేటగాడు లేడు. ఆమె నోరు సూదికంటే పదును. అటువంటి మనిషి, మొగుడు మంచు విరిగి నీళ్లలో పోయినప్పటి నుంచి నోరు కట్టుకుని ఉంది. పోయినవాడి పేరు ఏదో ఒక పసిబిడ్డకు పెట్టేదాకా ఎవరూ పైకి అనకూడదు. అంటే ఆ పేరు దారి తప్పుతుంది, బిడ్డను చేరదు. కోడలు దోర్తియా నిండు చూలాలు. ఆ పేరు ఆమె కడుపులోని బిడ్డకోసమే దాచారు.

ఆ చలికాలం మరీట్ మళ్లీ వచ్చింది. మంచును కొలిచే శాస్త్రజ్ఞుల వెంట వచ్చి, మంచుకు ఇక్కడివాళ్లకున్న మాటలు పోగుచేసే పిల్ల. కిందటేడు హన్సీనే మొగుణ్ణి, ఆ ముసలాయనను, వెంటబెట్టుకుని కయ్యంతా తిరిగింది. నడవనిచ్చే మంచు, నమ్మించి ముంచే మంచు, అన్నిటి పేర్లూ ఆయన గొంతుతోనే ఓ చిన్న పెట్టెలో రికార్డు చేసుకుంది. ఇప్పుడు వాటి అర్థాలు సరిచూసుకోవాలి గానీ, పోయినవాడి గొంతు కదా అని ఆ పెట్టె మోగించడానికి జంకింది. హన్సీనేకేమో ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

"పేరు మనం పలకం కదే పిల్లా. గొంతు వింటే తప్పేముంది?" అంది.

మాట్లాడేవాళ్లు ముందుగా తమ పేరు చెప్పుకోవాలని మరీటే పెట్టిన పద్ధతి. ఆ సంగతి ఇద్దరూ మరిచారు. మీట నొక్కగానే ముసలాయన గొంతు సవరించుకుని, తాపీగా తన పేరు తానే చెప్పుకున్నాడు. బయట కుక్కలన్నీ ఒక్కసారిగా మొరుగుడు ఆపేశాయి.

మర్నాటి నుంచి, మధ్యాహ్నమే చీకటి పడే వేళకు, వసారాలో ఎవరో జోళ్లకంటిన మంచు దులుపుకుంటున్న చప్పుడు. కుడికాలు ఒకసారి, ఎడమకాలు రెండుసార్లు. ఆ దులుపుడు వల్లే ఆయన ఎడమ జోడు ఎప్పుడూ ముందు అరిగేది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు, గడప మీద ఉప్పునీటి తడి తప్ప. తన కక్కుర్తి వల్లే ఆయన సొంత ఇంటి బయట చలిలో నిలబడిపోయాడని హన్సీనే కుమిలిపోయింది.

బిడ్డ పుట్టాడు. ఊపిరి ఆడుతోంది గానీ ఏడవడు, కళ్లు తెరవడు, రొమ్ము పట్టడు. పేరు పెట్టి పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. వసారాలో మళ్లీ అదే చప్పుడు.

"బయటే ఉన్నాడత్తా," అంది దోర్తియా మెల్లగా.

హన్సీనే వెళ్లి మరీట్‌ను పెట్టెతో సహా లాక్కొచ్చింది. దాన్ని బిడ్డ పక్కన పెట్టించి, వీధి తలుపు బార్లా తీసింది. మీట నొక్కారు. కున్నాక్, అని తన పేరు చెప్పాడు ముసలాయన. గడప దాటిన అడుగు అందరికీ వినబడింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు.

"రావడానికి ఇంతసేపా?" అని హన్సీనే బిడ్డను తిడుతూ తానూ ఏడ్చింది.

తర్వాత చూస్తే పెట్టెలో ఆయన గొంతు లేదు. మరీట్ అడిగిన ప్రశ్నలున్నాయి, జవాబు రావలసిన చోటల్లా గాలి హోరు. మంచు మాటలన్నీ పోయాయని ఆ పిల్ల లబోదిబోమంది. ఆ గొంతు ఇక వినే రాత లేదని తెలిసీ హన్సీనే బిడ్డను చూపించింది.

"ఎక్కడికి పోతాయే? మాటలు రానీ, ఈయన్నే అడుగు," అంది.

బిడ్డ పాదం కొలుచుకుని తోలు ముందేసుకుంది. ఎడమ జోడుకు అడుగు కాస్త మందంగా కోసింది.