బెల్టు లేని డైనమో

ఆ ఏడు గాలివానలో నాకు పోయినవి ఇవి: మైకుసెట్టు హారన్లు రెండు, నిండా చార్జి చేసిన బ్యాటరీలు మూడు, దుకాణం పైరేకులు సగం, కొత్త బెల్టు ఒకటి. దయ్యాల మీద నమ్మకం పోలేదు. పోవడానికి అది నాకు మొదటినుంచీ లేదు. మీటరు చూపించినదాన్నే నేను లెక్కలో వేసుకుంటాను. చదివింది నాలుగో తరగతి. వోల్టులూ ఆంపియర్లూ సొంతంగా నేర్చుకున్నాను.

రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులు. మార్కాపురంలో చిన్న కిరసనాయిలు ఇంజనుతో డైనమో తిప్పి, రేడియోలకూ మైకుసెట్లకూ బ్యాటరీలు చార్జి చేసేవాణ్ణి. గిద్దలూరు పక్కన మా సొంత ఊరికి ఇంకా కరెంటు రాలేదు. అక్కడి బళ్లో కంటి ఆపరేషన్లు చేయడానికి ఒక డాక్టరు గారు వస్తున్నారనీ, దీపం సంగతి నన్ను చూసుకోమనీ కబురు వచ్చింది. ఆపరేషన్ కావలసినవాళ్లలో మా అమ్మ ఒకరు. బతుకంతా గొర్రెల మంద వెనక నడిచిన మనిషి, అప్పటికి గోడ పట్టుకుని నడుస్తోంది.

మిగిలిన ఒక్క బ్యాటరీ పాతది, నిల్వ ఉంచుకోదు. ఇంజను తిరిగినంతసేపే దీపం. బడి వెనక పాకలో ఇంజను దించి, దుమ్ము రాకుండా కిటికీలు మూసిన గదిలోకి తీగ లాగాను.

పొద్దున అమ్మ తడుముకుంటూ వచ్చి, దిష్టి తగలకుండా డైనమో ఇరుసుకు నల్ల ఉన్నితాడు కట్టింది. మావాళ్లు చూడి గొర్రెకూ కడతారు, కొత్త బండికీ కడతారు. తాడు కొస చిక్కుకుంటే బెల్టు జారుతుందని వద్దన్నాను.

"నువ్వు లెక్కలు కట్టుకో నాయనా, నేను తాడు కట్టుకుంటా. ఏది నిలుస్తాదో చూస్తాం," అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తాడు అలాగే ఉంచి ఇంజను నడిపాను.

మధ్యాహ్నం అమ్మ వంతు వచ్చింది. ఆమెను బల్ల మీద పడుకోబెట్టాక, నూనె చూద్దామని పాకలోకి వెళ్లాను. బెల్టు నేల మీద పడి ఉంది. నేను భయపడినట్టే తాడు కొస చిక్కి జారిపోయింది. ఇంజను ఒట్టిగా తిరుగుతోంది.

డైనమో కూడా తిరుగుతోంది. తాడు కొస నల్లటి వలయంలా కనబడుతోంది. మీటరు ముల్లు నాలుగు ఆంపియర్ల దగ్గర కదలకుండా ఉంది.

బెల్టు వేయాలంటే ఇంజను ఆపాలి. ఆపితే అమ్మ కంట్లో కత్తి ఉండగా చీకటి. దేన్నీ ముట్టుకోకుండా నిలబడ్డాను.

మా పెద్దమ్మ కొడుకు ఎల్లయ్య తొంగిచూశాడు. "బెల్టు యాడికి పోయిందన్నా?"

నేను నేలకేసి చూపించాను. వాడు చెప్పులు విడిచి నా పక్కన నిలబడ్డాడు.

ముప్పావుగంటకు లోపలినుంచి అయిపోయిందని కబురొచ్చింది. ఇంజను ఆపాను. డైనమో దానితోపాటే ఆగింది, దీపం ఆ క్షణమే ఆరింది. తర్వాత బెల్టు తీసి ఎన్నిసార్లు ఇంజను నడిపినా డైనమో కదల్లేదు. మీటరు మరో దుకాణంలో చూపించాను, సరిగ్గానే ఉంది.

కట్టు విప్పి కళ్లద్దాలు పెట్టిన రోజు అమ్మ మొదట నన్నే చూసింది.

"ఏందిరా, నెత్తంతా ఇట్ల తెల్లబడింది? నాకెవరూ చెప్పలేదే."

తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మంద దగ్గరికి పోయి, రెండు గొర్రెలు కుంటుతున్నాయనీ, చూసుకునేవాళ్లకు కళ్లు లేవా అనీ కొడుకులందరినీ తిట్టింది. మేం నవ్వుతూ పడ్డాం. ఆ సాయంత్రం పొట్టేలు కోసి ఊరందరికీ పెట్టాం.

ఆ కరెంటు ఇంజను ఇవ్వలేదు, బ్యాటరీలో లేదు. నాలుగు ఆంపియర్లు, ముప్పావుగంట. ఎవరిచ్చారో నాకు ఈనాటికీ తెలియదు. తీర్చాల్సిన బాకీ మాత్రం మూడు ఆంపియర్ గంటలు.