కోత పండుగకు నేను తెచ్చిన వరి పన

మొలకనిచ్చి, వాననిచ్చి, నావంటి వాణ్ణి కూడా ఇన్నాళ్లు భరించిన దేవునికి స్తోత్రం. ఈ మాట ప్రతి ఆదివారం అంటున్నాను. అన్నప్పుడల్లా గుండెల మీద ఒక బరువు కదులుతుంది. ఏళ్లుగా మోస్తున్నాను. మీకు చెప్పేస్తాను.

బందరు దగ్గర వరి వంగడాలు తయారుచేసే గవర్నమెంటు పొలంలో నా ఉద్యోగం. అగ్గితెగులును తట్టుకునే మొరటు వరికి, మావైపు ఇష్టంగా తినే సన్నవరికి సంకరం చేశాం. తొలి తరంలో ఒక్క మొక్కా తెగులుకు పడలేదు. ఎంత గర్వపడ్డానో! ఎవరినీ అడగకుండా ఆ కంకులు చిన్న పన కట్టి, దివిసీమలో మా ఊరి చర్చికి కోత పండుగ కానుకగా తెచ్చాను. ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేస్తారు. "తెగులు రాని వరి" అని నేనే లేచి చెప్పాను. సంఘంలో పాటలెత్తే యాకోబు బావ విత్తనానికని పాడుకున్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఆ గింజలు మళ్లీ విత్తితే నాలుగో వంతు మొక్కలకు తట్టుకునే గుణం పుట్టుకతోనే రాదు. నాకు తెలుసు. అందరూ మెచ్చుకుంటుంటే నోరు మూసుకున్నాను.

మరుసటి ఏడు బావ మడిలో మంచి కంకుల మధ్య అక్కడక్కడా మెడ విరిగి తెల్లబోయిన తాలు కంకులు. దేవుని సన్నిధిలో పాడుకున్న విత్తనానికి తెగులేమిటి, ఆ ఇంట్లో ఏదో పాపం ఉందన్నారు పెద్దలు. బావ నా దగ్గరికి వచ్చాడు.

"ఏం బావా, మీ గవర్నమెంటు వరి మా చేలోకొచ్చేసరికి అలిగిందా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నీకు తెలుస్తుంది, చెప్పు. లోపం విత్తనంలో ఉందా, నాలో ఉందా?"

"ప్రార్థన చేసుకో బావా" అన్నాను.

ఉద్యోగం పోతుందన్న భయమా? పరువా? రెండూ. కానీ దేవుని పేరు అడ్డం పెట్టుకుని అబద్ధమాడడానికి నాకు నోరెలా వచ్చింది?

ఆయన నిజంగానే ప్రార్థన చేసుకున్నాడు. ఉపవాసాలున్నాడు. లేని పాపాన్ని వెతికి వెతికి, ఎప్పుడో తమ్ముడితో పడిన గట్టు తగాదాను సంఘం ముందు నిలబడి ఒప్పుకుని ఏడ్చాడు. నేను ముందు వరుసలో కూర్చుని 'ఆమెన్' అన్నాను. అప్పటినుంచి ఆయన పాట ఎత్తడు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రాడు, తనకు అర్హత లేదంటాడు. నేను మాత్రం రొట్టె తీసుకుంటూనే ఉన్నాను.

పాపం నాది. బావది కాదు. ఈ రెండు ముక్కలు రాశాక ఊపిరి కాస్త తేలికైంది, అంతే. క్షమాపణ అడిగే ముఖం లేదు. ఇదే మాట సంఘం ముందు, ఆయన వింటుండగా చెప్పాలి. నా కోసం కాదండీ, యాకోబు బావ మళ్లీ ఆ బల్ల దగ్గరికి రావాలని నాతో కలిసి ప్రార్థించండి.