తొమ్మిది బొమ్మల్లో ఎరుపు

మద్రాసులో చిత్రకళ పైచదువు నాది. "ఇక నా బొమ్మలు చూసి వెయ్యడం మాను. ఒక్కచోటినే రోజూ వేస్తూ పో, నీ చేయి నీకే దొరుకుతుంది" అని మాస్టారు పంపేశారు. బెజవాడలో కృష్ణ ఒడ్డున ఒక నేత ఇంటి మేడగది తీసుకుని, కిటికీలోంచి రేవుమెట్లను తొమ్మిది రోజులుగా వేస్తున్నాను.

రోజురోజుకీ నా బొమ్మల్లోని నీళ్ళకు ఎరుపు పెరిగింది, మెట్లు తగ్గాయి. నా రంగు దొరికిందనీ, అనవసరమైనవి వదిలెయ్యడం వచ్చేసిందనీ పొంగిపోయి, పొద్దున్నే మాస్టారికి ఉత్తరం కూడా వేశాను.

సాయంత్రం ఇంటాయన వీరాస్వామిగారు పైకి వచ్చారు. పగలంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మనిషి, ఏటివైపే చూడరు.

"గుంటలో చెమ్మ ఊరుతోంది బాబూ. పైన నీళ్ళేవన్నా ఒలకబోశావా?"

"లేదు బాబాయిగారూ."

ఆయన చూపు గోడ మీది బొమ్మలపై పడింది. మొదటిదాంట్లో మెట్లు వేలితో లెక్కపెట్టారు, పదకొండు. చివరిదాంట్లో నాలుగు.

"ఇవి చూసి వేసినయ్యేనా?"

"చూసే వేశానండీ. ఆ ఎరుపు ఎలా ఉంది?"

"అది వరదనీళ్ళు బాబూ!" అంటూ ఆయన గబగబా దిగిపోయారు.

కాసేపటికి కింద కత్తెర చప్పుడు. గుంట మునిగేలోపే, సగం నేసిన చీరను మగ్గం మీంచి కోసేస్తున్నారు.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే మెట్లు రెండే ఉన్నాయి. తొమ్మిది రోజులు కన్నార్పకుండా చూసినవాణ్ణి నేనే. మాస్టారికి మళ్ళీ ఏమని రాయమంటారు?