డాక్టరుగారి సీతాలు

స్వర్గస్థుడైన ఒక మహానుభావుణ్ణి పొగడబోయి, ఆయన పరువు కాస్తా గంగలో కలిపినవాణ్ణి మీరెప్పుడూ చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో చదువుకుంటున్నాను. వరి తెగులుకు విరుగుడు కనిపెట్టిన డాక్టర్ కోటయ్యగారు అమెరికాలోనే కాలంచేసి ఏడాదయింది. ఆయన జ్ఞాపకార్థం మా తెలుగువాళ్ళు హైస్కూలు ఆడిటోరియంలో సభ పెట్టారు. "నువ్వు పాటలు కడతావటగా, ఆయన మీద ఒక బుర్రకథ చెప్పు" అన్నారు సెక్రటరీ లలితగారు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

నా రూమ్మేట్ మూర్తి వంత. గుమ్మెట బదులు ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బా.

రాద్దును కదా, కథంతా మైక్రోస్కోపు, బూజు, మళ్ళీ మైక్రోస్కోపు! ఏడుపు లేకపోతే జనం కాఫీకి లేచిపోరూ? అలా పుట్టింది సీతాలు. కృష్ణ ఒడ్డున ఆయన కోసం ఎదురుచూసి కళ్ళు కాయలు కాసిన పిల్ల.

"ఒరేయ్, ఈవిడ నిజంగా ఉందా?" అన్నాడు మూర్తి.

"ఎవడు చెక్ చేస్తాడ్రా!"

సభలో సీతాలు ఘట్టం వచ్చేసరికి గొంతెత్తి అందుకున్నాను. "ల్యాబులో ఉన్నా సీతాలే, తందాన తాన! కలలో ఉన్నా సీతాలే, తందాన తాన!"

ముందు వరసలో నీలం చీర కట్టుకున్న అమెరికన్ పెద్దావిడ కూర్చుంది. పాపం, ఒక్క ముక్క అర్థమవుతోందో లేదో అని జాలిపడి, ఆవిడ వైపు తిరిగి మరీ పాడాను.

ఆవిడ లేచి నిలబడింది.

"బాబూ, ఆగు. ఆ సీతాలు ఎవరు?"

తెలుగు! అదీ అత్తగారి దగ్గర నేర్చుకున్న అచ్చమైన గుంటూరు తెలుగు! ఆవిడ మార్గరెట్‌గారు. సాక్షాత్తూ కోటయ్యగారి భార్య. ఆయనకు పెళ్ళయిందో లేదో కూడా నేను కనుక్కోలేదు మరి.

మూర్తి చేతిలోంచి డబ్బా జారి స్టేజి చివరిదాకా దొర్లింది. కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవంటారు. ముందు వరసకు మాత్రం చెవులుంటాయని ఏ సామెతా నాకు చెప్పలేదు.

చేతులు జోడించాను. "అది... అది కల్పన అండీ!"

ఆవిడ ముఖం ఇంకా పాలిపోయింది.

"కల్పనా? అంటే ఇద్దరా?"

లలితగారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యో మార్గరెట్‌గారూ, ఫిక్షన్! ఈ వెధవ అల్లిందే అంతా!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకున్నారు. "ఆయన మా బాత్‌టబ్‌లో వరినాట్లు వేశారు. కోత అయ్యేదాకా నేను పక్కింట్లో స్నానం చేశాను. ఆ ఇంట్లో నాకే చోటు లేదు, సీతాలుకి ఎక్కడిది నాయనా?"

హాలు నవ్వీ నవ్వీ, చివరికి కళ్ళు ఒత్తుకుంది. నా సీతాలు రాల్చలేని కన్నీళ్ళు ఆ బాత్‌టబ్ రాల్చింది.

ఆ స్టేజి మీదే ముక్కోటి దేవతల సాక్షిగా ఒట్టుపెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో ఏ శాస్త్రవేత్తకూ ప్రియురాలిని అంటగట్టను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని అంటగట్టినా, అడిగినవాళ్ళతో అది 'కట్టుకథ' అనే చెబుతాను. ఆ పేరు ఏ ఆడపిల్లకూ పెట్టరు కదా!