బతికున్నవాడి మీద పచ్చకొమ్మ

మూడేళ్లకోసారి, జూలై నెలలో ఒక ఆదివారం ఒలాన్యాకు జ్వరం వచ్చేది. కిట్గుమ్ పట్నానికి వెళ్లే దారి పక్కనున్న గడ్డికప్పు గుడికి ఇరవై ఏళ్లుగా ఉపదేశి ఆయనే. ఫాదరు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా ఆదివారాలు సువార్త చదవడం, నాలుగు మాటలు చెప్పడం ఒలాన్యా పనే. ఒక్క మంచి సమరయుడి కథ వంతు వచ్చినప్పుడు మాత్రం మంచం దిగేవాడు కాదు. దొంగలు కొట్టి పడేసినవాణ్ణి యాజకుడు చూసీ దాటిపోతే, పరాయి జాతివాడైన సమరయుడు తన గాడిద మీద ఎక్కించుకుపోయిన కథ అది. "సమరయుడొస్తున్నాడు, ఉపదేశికి దుప్పటి ఉతికి పెట్టండి" అని ఊళ్లో వేళాకోళం.

ఈసారి ఆయన బదులు చదివే బడిపంతులు బదిలీ మీద వెళ్లిపోయాడు. నువ్వే చదవాలని ఫాదరు కబురు పంపాడు. శనివారం పొద్దున ఒలాన్యా తన వదిన, చనిపోయిన అన్నగారి భార్య లలామ్ ఇంటికి వెళ్లాడు. ఆమె వాకిట్లో రాగులు చెరుగుతోంది.

"ఏం మరిదీ, జ్వరం ఇంకా రాలేదా? రేపేగా" అంది తలెత్తకుండా.

ఒలాన్యా నవ్వలేదు. ఎదురుగా కూర్చుని, ఎవరికీ చెప్పనిది చెప్పాడు.

యుద్ధం రోజులవి. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని ఉంచిన శిబిరం నుంచి చాటుగా చేనుకెళ్లి కర్రపెండలం తవ్వుకుని వస్తున్నాడు. దారి పక్కన ఒక మనిషి పడి ఉన్నాడు. తల మీద కత్తిగాటు, దాని నిండా ఈగలు. శవం కంటపడితే పచ్చకొమ్మ విరిచి కప్పాలని వాళ్ల ఆచారం. కప్పకుండా దాటిపోతే ఆ ఆత్మ ఇంటిదాకా వెంట వస్తుంది. ముఖంకేసి చూడకుండానే ఒలాన్యా కొమ్మ విరిచి వేశాడు. నాలుగడుగులు నడిచాక వెనకనుంచి మూలుగు వినిపించింది. పొదల అవతల తుపాకులు పేలుతున్నాయి. ఆయన వెనక్కి తిరగలేదు.

"మర్నాడు అందరం అటే వెళ్లాం కదా, ఒదినా. కొమ్మ ఉంది కాబట్టి శవమే అనుకున్నారు. ఎవరూ వంగి చూడలేదు. దాటినవాళ్లంతా తలో కొమ్మ వేశారు. సాయంత్రానికి అక్కడ మనిషి కనిపించలేదు, ఆకుల కుప్పే ఉంది. నువ్వూ వేశావు."

లలామ్ చేతిలో చేట ఆగింది. "వేశాను" అంది.

"అప్పటికి ప్రాణం పోయిందో లేదో నాకు తెలీదు. ఇప్పటికీ ఆ దారిన నడిస్తే వెనకనుంచి ఆ మూలుగు వినిపిస్తుంది."

"పెద్దలకు చెప్పి దోషం పోయేలా మేకను కోయించుకోలేకపోయావా?"

"చచ్చినవాడి వంశంవాళ్లు ఎదుట ఉండాలి కదా, ఎవర్ని పిలిచి కోయించను? ఆయన పేరే తెలీదు. ఆ కథలో పక్కనుంచి పోయిన యాజకుణ్ణి నేను, ఒదినా. ఆయనైనా నయం. కొమ్మ వెయ్యలేదు."

ఆమె చేట కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది:

"నాకు చదువు రాదు. కానీ నువ్వెప్పుడూ నడిచేవాళ్లలోనే నిన్ను వెతుక్కుంటావేం? పడి ఉన్నవాడివి నువ్వు కాదా? పడ్డవాడు తనంతట తాను గాడిద ఎక్కలేడు. ఎత్తేవాడు రావాలి. యేసు అలాగే వచ్చాడని మాకు చెప్పింది నువ్వేగా."

"పడి ఉన్నది నేనే అనుకుంటే మరి ఆ మనిషి ఎక్కడుంటాడు? ఆయన చోటు కూడా నేనే తీసుకోవాలా?"

"అది నాకు తెలీదు" అని లలామ్ మళ్లీ రాగులు చెరగసాగింది.

ఆదివారం గుడి నిండింది. జ్వరం వస్తుందో రాదో చూడ్డానికి వచ్చినవాళ్లు కొందరు. ఒలాన్యా చదవడం మొదలుపెట్టాడు. దొంగలు కొట్టి, కొనప్రాణంతో విడిచి వెళ్లారన్న మాట దగ్గర ఆపేశాడు. పుస్తకం మూయకుండానే వదినకు చెప్పినదంతా వాళ్లకూ చెప్పాడు. ఆ దారిన కొమ్మలు వేసినవాళ్లు ఆ బల్లల మీద చాలామందే ఉన్నారు. ఒకామె చేతులు చూసుకుంటోంది.

చివరికి గోడవారనున్న గుడ్డి ముసలాయన అన్నాడు: "చదువు నాయనా. అక్కడ ఆపేస్తే ఎలా? ఆ మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు."

ఒలాన్యా చదివాడు. యాజకుడు పోయాడు, ఆలయ సేవకుడైన లేవీయుడు పోయాడు. సమరయుడు దగ్గరికి వచ్చి గాయాలు కట్టాడు. గాయాలు కట్టాలంటే ముందుగా ఆయన వంగి ఉండాలి. ఆకులన్నీ ఒక్కొక్కటే తీసి, తాను చూడని ఆ ముఖాన్ని చూసి ఉండాలి. అది తట్టేసరికి ఒలాన్యా పుస్తకం మీద వేలు వెనక్కి జరిపాడు. సమరయుడు దగ్గరికి వచ్చిన వాక్యం రెండోసారి చదివాడు. గుడిలో కొందరు మోకాళ్ల మీదికి దిగారు.